శివారు ఊళ్ల ఉత్తరాలు: నీరు, ఉప్పు, పొగ

జూన్ 5, పర్యావరణ దినోత్సవం, దగ్గరపడుతోంది. ఈసారి మాకు వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు బంటుమిల్లి, పెడన, కృత్తివెన్ను మండలాలవే. కృష్ణా తూర్పు డెల్టాకు ఇవి శివారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు విజయవాడ నగరం మధ్యగా పారి, గుడివాడ వైపు ఊళ్లన్నీ దాటుకుని చివరికి ఇక్కడికి వస్తాయి. దారిలో ఎవరు ఏది కలిపినా ఈ చెరువుల్లోకీ, ఈ చేలల్లోకీ చేరాల్సిందే. అందుకే ఒకరు తాగే నీళ్ల గురించి, ఇంకొకరు వరి చేను గురించి, మరొకరు బడి పిల్లల గురించి అడిగినా, జవాబు రాయడానికి కూర్చుంటే మళ్లీ మళ్లీ కాలువ దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది.

ప్రశ్న: ఎండలు ముదిరేసరికి మా ఊరి మంచినీటి చెరువు పచ్చబడి, కుళాయి నీళ్లు నీచు వాసన వస్తున్నాయి. బ్లీచింగ్ కలిపిన రోజున ఆ వాసన వేరు. దాంతో ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల టిన్నులు తెచ్చుకుంటున్నాం. ప్లాంటు అతను నీళ్లలో మీటరు పెట్టి, "చూడండమ్మా, అరవై" అని చూపిస్తాడు. కుళాయి నీళ్లు నిజంగా తాగకూడనివా?
– ఒక గృహిణి, మల్లేశ్వరం

జవాబు: ముందు ఆ మీటరు సంగతి చూద్దాం. అది నీళ్లలో కరిగిన లవణాలను మాత్రమే అంచనా కడుతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన పరిమితి లీటరుకు 500 మిల్లీగ్రాములు. వేరే దారి లేనిచోట 2,000 దాకా ఒప్పుకుంటారు. అరవై అంటే లవణాలు బాగా తీసేశారని అర్థం, అంతే. టిన్ను కడిగారో లేదో, నీళ్లలో విరేచనాలు పుట్టించే క్రిములు ఉన్నాయో లేవో ఆ అంకె చెప్పదు. క్రిములు మీటరుకు అందవు.

ఇక చెరువు పచ్చబడటం. ఏప్రిల్‌లో కాలువలు కట్టేసేలోపు చెరువు నింపుకుంటారు. మళ్లీ కాలువ వచ్చేదాకా ఆ నీళ్లే గతి. నిలవ నీటికి ఎండ తోడై, దానికి నత్రజని, భాస్వరం అందితే కంటికి కనపడని నాచు విపరీతంగా పెరుగుతుంది. నీచు వాసన దానిదే. ఆ నాచుల్లో కొన్ని రకాలు విషపదార్థాలు కూడా వదులుతాయి, అవి కాచినా పోవు. కాబట్టి పచ్చదనాన్ని కాచి పోగొట్టలేం, రాకుండానే చూసుకోవాలి. నత్రజని, భాస్వరం ఎక్కడి నుంచి వస్తున్నాయో మీ చెరువు చుట్టూ ఒకసారి తిరిగితే మీకే కనిపిస్తుంది. గట్టు దిగి నీళ్లు తాగే గేదెలు, రేవులో బట్టల సబ్బు, ఎరువు వేసిన చేల నుంచి బోదెల్లో దిగే నీరు, పక్కనున్న చేపల చెరువు ఊట. వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది చేపల పాట. ఆదాయం కోసం మంచినీటి చెరువును పాటకు పెడితే, పాడుకున్నవాళ్లు బరువు పెరగాలని మేత వేస్తారు, పెంట కూడా వేస్తారు. తాగే చెరువులో మేత, పెంట పడకూడదని పంచాయతీ తీర్మానం రాసుకోవాలి. ఈ మాట గ్రామసభలో ఆడవాళ్లు లేచి అడిగితేనే కదులుతుందని నా నమ్మకం. చెరువు నింపేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. కొత్తగా వదిలిన కాలువలో మొదటి రెండు మూడు రోజులూ ఎగువ చెత్తంతా కొట్టుకొస్తుంది. ఆ నీటిని తూములోకి రానివ్వకుండా పోనిచ్చి, తేటబడ్డాక పెట్టుకోవాలి.

తరవాత ఇసుక ఫిల్టరు. నీరు మెల్లగా దిగే ఈ ఫిల్టర్లలో పని చేసేది ఇసుక ఒక్కటే కాదు. ఇసుక పైన పట్టే సన్నటి జిగురు పొరలోని జీవులే క్రిములను తినేస్తాయి. ఆ పొర మందమై నీరు దిగనప్పుడు పైన ఒకటి రెండు సెంటీమీటర్ల ఇసుక గీకి, కడిగి ఆరబెట్టాలి. కొన్నిచోట్ల ఆ పని మానేసి, చెరువు నీటిని నేరుగా ట్యాంకుకు ఎక్కిస్తారు. మీ ఊళ్లో ఫిల్టరు నడుస్తోందా అని అడగండి.

బ్లీచింగ్ వాసనకు భయపడకండి. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని నియమం. క్లోరోస్కోప్ గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే లేత పసుపు రంగు తేలాలి. రంగు రాలేదంటే ఆ నీళ్లకు రక్షణ లేదన్నమాట. జలజీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లోనూ ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్టు వాడటం నేర్పించాలి. మీ ఊళ్లో వాళ్లెవరో సచివాలయంలో కనుక్కోండి. ఎవరూ లేరంటే మీరే పేరు ఇవ్వండి. బురదగా ఉన్న నీటికి మన పెద్దలు కుండ లోపల చిల్లగింజ అరగదీసేవారు. మట్టి పేరుకోవడానికి అది నిజంగానే పనికొస్తుంది. కానీ తేరిన నీళ్లను కూడా తెర్లేదాకా కాచి తాగాలి. చెరువు పచ్చబడకుండా, ఫిల్టరు నడుస్తూ, క్లోరిన్ చాలినంత ఉన్న రోజుల్లో మీ కుళాయి నీళ్లు కాచుకుని నిశ్చింతగా తాగవచ్చు.

ప్రశ్న: మాది మూడెకరాల మాగాణి. పక్క చేను రొయ్యల చెరువైంది. బోరు వేసి ఉప్పునీళ్లు తోడుతున్నారు. దాళ్వాలో గట్టు వెంట మడుల్లో వరి ఆకుల కొసలు తెల్లబడి ఎండిపోయాయి. అడిగితే నీ చేలో జింకు లోపం అంటున్నారు. నేనేం చెయ్యాలి?
– ఒక రైతు, పెందుర్రు

జవాబు: జింకు లోపమైతే నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో కింది ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి, గట్టుతో దానికి పనిలేదు. ఉప్పు దెబ్బ అయితే ఆకు కొస తెల్లబడుతుంది, పిలకలు తగ్గుతాయి, గట్టు దగ్గర ఎక్కువగా ఉండి దూరం వెళ్లేకొద్దీ తగ్గుతుంది. మీ ఉత్తరంలో చెప్పింది రెండోదే. అయినా నోటిమాటగా కాకుండా రుజువుగా ఉంచుకోండి. గట్టు నుంచి ఐదు మీటర్ల దూరంలో ఒకటి, ఇరవై మీటర్లలో ఒకటి, యాభై మీటర్లలో ఒకటి మట్టి నమూనాలు తీసి, సంచుల మీద దూరం రాసి, భూసార పరీక్షలో ఈసీ, అంటే ఉప్పు మోతాదు చెప్పే విద్యుత్ వాహకత, చూడమనండి. ఈసీ 4 దాటితే అది ఉప్పు నేల. వరికి 3 దగ్గరే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. గట్టు దగ్గర అంకె పెద్దదై, లోపలికి వెళ్లేకొద్దీ తగ్గుతూ వస్తే ఉప్పు ఏ వైపు నుంచి వస్తోందో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఆ కాగితం చేతిలో ఉంచుకుని మాట్లాడండి. రాష్ట్రంలో 2020 నాటి ఆక్వా అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం ప్రకారం చెరువుకు లైసెన్సు ఉండి తీరాలి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పంట భూములను రొయ్యల చెరువులుగా మార్చకూడదంది. తీరప్రాంతపు చెరువులకు 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వర్తిస్తుంది. ముందు మత్స్యశాఖకు, తహసీల్దారుకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే సోమవారం అర్జీల వేళ మచిలీపట్నం కలెక్టరేట్‌లో ఇవ్వండి. అదీ కాకపోతే చెన్నైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ బెంచి ఉంది. వివాదం తేల్చమనాలంటే అది మొదలైన ఆరు నెలల్లోపు వెళ్లాలి, నష్టపరిహారం కోసమైతే ఐదేళ్ల దాకా గడువుంది.

కోర్టు దాకా పోకుండా తేలే దారి ఒకటుంది. చెరువు గట్టుకీ మీ చేనుకీ మధ్య మీ మడి కన్నా లోతుగా ఊట కాలువ తవ్వించమనండి. తవ్వాల్సింది చెరువు యజమాని, తన భూమిలో. ఆ నీళ్లు పంట బోదెలో కలవకుండా మురుగు కోడులోకి పోవాలి. పాడైన మడుల విషయానికొస్తే, జిప్సం వేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. జిప్సం పనిచేసేది కారుచౌడుకు. మీది పాలచౌడు, దానికి మంచినీళ్లు నిలగట్టి, మురుగు తీసి, మళ్లీ నిలగట్టడమే మందు. సార్వాకు ముందు జీలుగ చల్లి కలియదున్నండి. ఉప్పును తట్టుకుని పెరిగే పచ్చిరొట్ట అది.

ప్రశ్న: చేపల చెరువు లీజుకు తీసుకున్నాను. పట్టుబడి అయ్యాక నీళ్లన్నీ తోడి డ్రెయినులో వదిలేస్తాం. అందరూ చేసేదే. ఇందులో తప్పుందా?
– ఒక యువకుడు, కృత్తివెన్ను మండలం

జవాబు: ఉంది. మీరు వదిలిన డ్రెయిను నుంచే కింది రైతు తన చెరువుకు నీళ్లు పెట్టుకుంటాడు. మీకు పైనున్నవాళ్లు వదిలింది మీరు పెట్టుకుంటారు. 1994–95లో తెల్లమచ్చ వైరస్ కోస్తా రొయ్యల సాగును తుడిచిపెట్టినప్పుడు రోగం ఒక చెరువు నుంచి మరో చెరువుకు పాకిన దారుల్లో ఇదొకటి.

చెరువు తోడేటప్పుడు పైనీరు కొంత నయం, అడుగున మిగిలే చివరి అడుగు నీళ్లలోనే మేత మడ్డి, పెంట, అమ్మోనియా ఉంటాయి. దాన్ని ఒక మూల గుంటలో నిలవబెట్టి, బురద అడుక్కి దిగాక తేట మాత్రం వదలండి. బురదను ఎండబెట్టి కొబ్బరి మొక్కలకు వేసుకోవచ్చు, ఉప్పునీటి చెరువుదైతే వద్దు. బ్లీచింగ్ కొట్టిన నీళ్లను అదే రోజు వదిలితే డ్రెయినులో చేపా కప్పా మిగలదు. కొన్ని రోజులు ఎండకు, గాలికి ఉంచి క్లోరిన్ పోయిందని పరీక్షలో చూసుకున్నాకే తూము తియ్యాలి. చచ్చిన చేపల్ని గట్టు మీద పారెయ్యకుండా సున్నం చల్లి లోతుగా పూడ్చండి.

కోళ్ల వ్యర్థాలు మేతగా వేస్తే లాభమా అని మీరు ఉత్తరం చివర అడిగారు. అది నిషేధం. రాత్రిపూట వ్యాన్లలో వచ్చే ఆ సరుకు కుళ్లి, నీళ్లలోని ప్రాణవాయువును లాగేస్తుంది. తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలేది అందుకే. మీ డ్రెయిను నీళ్లు ఉప్పుటేరులో కలుస్తాయి. కొల్లేరును సముద్రానికి కలిపే దారి అదే. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందిన సరస్సు నోటి దగ్గర మీరు వ్యాపారం చేస్తున్నారు. ఈ మాట మనసులో పెట్టుకోండి.

ప్రశ్న: ప్రతి ఏడూ పర్యావరణ దినోత్సవానికి పిల్లలతో ర్యాలీ తీస్తాం, నినాదాలు ఇప్పిస్తాం, మొక్కలు నాటిస్తాం. మర్నాటి నుంచి అంతా మామూలే. పిల్లల్లో, ఊళ్లో నిజంగా అవగాహన రావాలంటే ఏం చెయ్యాలి?
– ఒక ఉపాధ్యాయిని, బంటుమిల్లి

జవాబు: టీచర్ గారూ, ఈ ఉత్తరాలన్నిట్లో నాకు ఎక్కువ ఆశ కలిగించింది మీదే. 1972లో స్టాక్‌హోంలో జరిగిన సమావేశం తరవాత 1973 నుంచి ఈ దినోత్సవం జరుపుతున్నారు. పర్యావరణం బడుల్లో తప్పనిసరిగా చెప్పాలని మన సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. పాఠం పుస్తకంలో ఉంది, నినాదం గోడ మీద ఉంది. ఊరి నీళ్ల లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఆ లెక్క పిల్లలు రాయగలరు.

పాత స్టీలు మూతను ఇరవై సెంటీమీటర్ల వెడల్పున్నది తీసుకోండి. నాలుగు భాగాలు చేసి ఒకటి విడిచి ఒకటి నలుపు, తెలుపు రంగులు వెయ్యండి. మధ్యలో తాడు కట్టి, ఐదేసి సెంటీమీటర్లకు ఒక ముడి వెయ్యండి. దీన్ని సెకీ పళ్లెం అంటారు, ప్రపంచమంతా సరస్సుల్లో నీటి తేటదనం చూసేది దీంతోనే. రేవు మెట్టు మీద నిలబడి మూతను నీళ్లలోకి మెల్లగా దించుతారు. నలుపు తెలుపు కలిసిపోయి కనపడకుండా పోయిన చోట తాడు పట్టుకుని ముడులు లెక్కపెడతారు. ప్రతి సోమవారం, అదే మెట్టు, అదే వేళ. పక్కన పెద్దవాళ్లు ఉండాలి, పిల్లలు నీళ్లలోకి దిగకూడదు. వేసవి సెలవుల్లో ఆ ఊరి పిల్లలకే తాడు అప్పగించండి, ఎందుకంటే చెరువు మారేది అప్పుడే. కాలువ నిండుగా పారిన రోజుల్లో ఎన్ని ముడులు, ఎండాకాలం చివర ఎన్ని ముడులు అని పంచాయతీ బోర్డు మీద రాయించండి. నీటి పరీక్ష కిట్టులోని సీసాలో చెరువు నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం కలిసిన నీరైతే నల్లగా మారుతుంది. ఆ నల్ల సీసాను గ్రామసభలో బల్ల మీద పెట్టండి. దాని ముందు ఉపన్యాసం అక్కర్లేదు.

ఇంకో పని. కాలువ గట్టు మీద పది మీటర్ల మేర చెత్త ఏరించి, చేతులకు తొడుగులు వేయించి, గుట్టలుగా విడదీయించండి. షాంపూ ప్యాకెట్లు ఒక గుట్ట, మద్యం సీసాలు ఒక గుట్ట, పిల్లల డైపర్లు, టిఫిన్ సెంటరు కవర్లు, పురుగుమందు డబ్బాలు. డబ్బాలూ పగిలిన గాజూ మాత్రం పెద్దవాళ్లే తియ్యాలి. ఏ గుట్ట పెద్దదైతే ఆ నెల ఆ ఒక్కదాని మీదే మాట్లాడండి. అన్నిటి గురించీ ఒకేసారి చెబితే ఊరు ఏదీ వినదు.

నీళ్ల లెక్క రాసి ఉంచడం ఎందుకు ముఖ్యమో ఏలూరు చెబుతుంది. 2020 డిసెంబరులో అక్కడ వందలమంది మూర్ఛ వచ్చినట్టు ఉన్నట్టుండి పడిపోయారు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నట్టు ఢిల్లీ ఎయిమ్స్ గుర్తించింది. నీళ్లా, పాలా, కూరగాయలా అని నిపుణులు అన్నీ పరీక్షించాల్సి వచ్చింది. ఇలాంటి రోజున, అంతకు ముందు నెలల్లో నీళ్లు ఎలా ఉండేవో రాసిన పుస్తకం ఒకటి ఊళ్లో ఉంటే వెతకడం ఎంత తేలికవుతుందో ఆలోచించండి.

ర్యాలీ మానెయ్యమనను. ఫ్లెక్సీ మాత్రం కట్టించకండి. అది పీవీసీ. ర్యాలీ అయ్యాక దాన్ని ఎవరో ఒకరు తగలబెడతారు, ఆ పొగలో డయాక్సిన్లు ఉంటాయి. పాత దుప్పటి మీద పిల్లల చేతే రాయించండి.

ప్రశ్న: మిషను కోత అయ్యాక గడ్డి చేలో పరుచుకుపోతోంది. మినుము చల్లాలంటే తగలబెట్టడం తప్ప దారి కనపడటం లేదు. కూలీలు దొరకరు. బూడిద ఎరువే కదా?
– ఒక కౌలు రైతు, అర్తమూరు

జవాబు: మీ ఇబ్బంది నిజమైనది. చేతికోతల రోజుల్లో కోతకు రెండు మూడు రోజుల ముందే నిలబడ్డ వరిలో మినుము చల్లి, పనలు ఎత్తేసేవారు. మిషను వచ్చాక ఆ వరస చెడింది.

బూడిద ఎరువే, కానీ సగం మాటే అది. టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ ఉంటాయి. అంటుకోగానే నత్రజని దాదాపు అంతా పొగై పోతుంది. పొటాష్ బూడిదలో మిగిలినా గాలికి ఎగిరేది, మొదటి తడికి కొట్టుకుపోయేది పోగా కొంతే దక్కుతుంది. పై మట్టిలోని సూక్ష్మజీవులు మాడిపోతాయి. పొగమంచు కాలంలో ఆ పొగ పైకి లేవక ఊరి మీదే పడుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లున్న ఇంట్లో అడగండి ఆ రాత్రులు ఎలా గడుస్తాయో. పెడన వైపు 216 జాతీయ రహదారి మీద వెళ్లే బండ్లవాళ్లకు ఎదురు కనపడదు.

మీరు కౌలు రైతు, ఖర్చు పెట్టమని చెప్పడం తేలిక. అందుకే ఖర్చు తక్కువ దారి ముందు చెబుతాను. కోసేటప్పుడే మిషను వెనక గడ్డిని వెదజల్లే అమరిక ఉన్న బండిని మాట్లాడుకోండి. వరుసలుగా కుప్పపడకుండా పలచగా పరుచుకుంటే మినుము మొలక దాని సందుల్లోంచి వస్తుంది, చేలో పదునూ నిలుస్తుంది. నలుగురు కలిసి గడ్డి కట్టలు కట్టే యంత్రాన్ని పిలిపించుకుంటే పాడి ఉన్నవాళ్లే కట్టలు కొంటారు. కుళ్లబెట్టే పూసా డీకంపోజర్ కూడా ఉంది, కానీ దానికి తడి, మూడు వారాల పైచిలుకు సమయం కావాలి. మినుముకు అంత వ్యవధి దొరకదు గనక మీకు నేను సిఫారసు చెయ్యను. మీ చేనుకు తగిన విత్తే పద్ధతి కోసం ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి.

ప్రశ్న: కలంకారీ అద్దకం పని మాది. కాలువలో బట్ట జాడిస్తే కాలుష్యం అంటున్నారు. తాతల నుంచి చేస్తున్నదే కదా?
– ఒక కార్మికుడు, పెడన

జవాబు: తాతలు వాడింది కరక్కాయ, పటిక, బెల్లం నీళ్లలో నానేసిన ఇనుము, చెట్ల వేళ్లు, బెరళ్లు. పారే నీటిలో జాడిస్తేనే ఆ రంగు నిలిచేది. ఇప్పుడు చాలా షెడ్లలో వాడేది రసాయన రంగులు. అవి నీళ్లలో సులువుగా విరగవు, నీటి అడుగుకు వెలుతురు పోనివ్వవు. మీరు వాడేది ఏదో మీకు తెలుసు. సహజ రంగులైతే మొదటి జాడింపు తొట్టిలో చేసి, ఆ నీళ్లను ఇంకుడు గుంటలోకి వదిలి, రెండో జాడింపు కాలువలో చెయ్యండి. రసాయన రంగులైతే కాలువ దగ్గరికి తీసుకెళ్లవద్దు. ఆ నీటిని సున్నం, పటికతో పేరబెట్టి ఆరబెట్టే తొట్టిని ఒక్కో షెడ్డు విడిగా కట్టుకోలేదు, పది షెడ్లు కలిసి అడిగితే అది చేనేత జౌళి శాఖ ముందు పెట్టదగిన కోరిక.

ప్రశ్న: పురుగుమందు కొట్టాక ఖాళీ డబ్బాలు ఏం చెయ్యాలి? ఇంట్లో చెత్తతో కలిపి కాల్చేస్తున్నాం.
– ములపర్రు నుంచి ఒకరు

జవాబు: కాల్చకండి, కాలువలో కడగకండి. మందు కలిపేటప్పుడే ఖాళీ డబ్బాలో పావు వంతు నీళ్లు పోసి, మూత బిగించి బాగా ఊపి, ఆ కడుగు నీళ్లను స్ప్రేయరు ట్యాంకులోనే పొయ్యండి. ఇలా మూడుసార్లు. మందూ వృథా కాదు, డబ్బాలో విషమూ మిగలదు. తరవాత అడుగున మేకుతో పొడిచి చిల్లులు పెట్టండి. నూనెకో, కిరోసిన్‌కో ఎవరూ మళ్లీ వాడకుండా ఉంటారు. డబ్బా మీద త్రికోణం ఎరుపు రంగుదైతే అది అన్నిటికన్నా ప్రమాదకరమైన విషం. తరవాత పసుపు, ఆపైన నీలం, ఆకుపచ్చ. ఎరుపు, పసుపు డబ్బాలను పిల్లల చేతికి అసలు ఇవ్వకండి. చిల్లులు పెట్టినవన్నీ విడిగా ఒక గోనెసంచిలో వేసి, నిండాక కొన్న దుకాణానికే తిరిగి తీసుకోమని ఇవ్వండి. తీసుకోనంటే మండల వ్యవసాయాధికారికి చెప్పండి. ఆ సంచి పశువుల పాకలో మాత్రం పెట్టవద్దు.